వేమూరు నుంచి డాలస్: ఎంత దూరం, ఎంతసేపు

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని మూడు రకాలుగా కొలుస్తారు. భూగోళం మీద ఆ రెండు చోట్లను కలిపే అతి చిన్న గీత పొడవు ఒకటి. విమానం ఆ రోజు నిజంగా ఎగిరిన దారి పొడవు రెండోది. మధ్యలో దిగి ఎక్కే ఊళ్లను కలుపుకుని వచ్చే మొత్తం మూడోది. మొదటిది ఎప్పటికీ మారదు. రెండోది రోజురోజుకూ మారుతుంది. మూడోది కొనే టికెట్టును బట్టి ఉంటుంది. ప్రయాణ సమయం ఈ మూడింటిలో దేనికీ పూర్తిగా లొంగదు. ఆ సంగతి తేటగా కనబడే ప్రయాణాల్లో ఒకటి బాపట్ల జిల్లా వేమూరు నుంచి అమెరికాలోని డాలస్‌కు చేసేది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పిల్లలు చాలామంది డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడ్డారు. తల్లిదండ్రులు ఏడాదికో రెండేళ్లకో ఈ దారిన వెళ్లి వస్తుంటారు.

వేమూరుకు తెనాలి–రేపల్లె లైను మీద రైల్వేస్టేషన్ ఉంది, విమానాశ్రయం లేదు. దగ్గరిది గన్నవరం. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే అది వేమూరుకు దాదాపు నేరుగా ఉత్తరాన, నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కానీ మధ్యలో కృష్ణ అడ్డం. పెనుమూడి–పులిగడ్డ వారధి బాగా దిగువన ఉంది. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ, కనకదుర్గ వారధి ఉన్నాయి. అందుకని కారు తెనాలి మీదుగా విజయవాడ చేరి, ఏరు దాటి, అక్కడి నుంచి తూర్పుకు తిరిగి గన్నవరం వెళుతుంది. నలభై కాస్తా డెబ్బైకి దగ్గరవుతుంది. ఇక్కడ ఏరు చేసిన పనినే ఆకాశంలో పర్వతాలు, సరిహద్దులు, గాలులు చేస్తాయి.

గోళం మీద అతి చిన్న దారి ఆ రెండు బిందువుల మీదుగా, గోళం మధ్యబిందువు కేంద్రంగా గీసిన మహావృత్తంలోని ముక్క. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే గోళ త్రికోణమితి సూత్రంతో దీన్ని లెక్కకట్టవచ్చు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ. కాబట్టి కేంద్రం దగ్గర ఒక్కో డిగ్రీకి నేల మీద 111 కి.మీ. పైచిలుకు వస్తుంది. భూమి నిక్కమైన గోళం కాదు, మధ్యరేఖ దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉంటుంది. మధ్యరేఖ వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువ వ్యాసార్ధం 6,357 కి.మీ. ఈ తేడాను పట్టించుకోకపోతే వచ్చే పొరపాటు నూటికి అర వంతు దాటదు. ప్రయాణికుడి లెక్కకు అది చాలు, విమాన మార్గం గీసేవారికి చాలదు.

ఈ సూత్రం ప్రకారం హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ నుంచి న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయానికి సుమారు 12,970 కి.మీ., షికాగోకు 13,280, శాన్ ఫ్రాన్సిస్కోకు 13,540, డాలస్–ఫోర్ట్ వర్త్‌కు 14,420 కి.మీ. గన్నవరం నుంచి డాలస్‌కు 14,510 దగ్గర వస్తుంది.

గన్నవరం–డాలస్ గీతలో ఒక విశేషం ఉంది. గన్నవరం 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 177.8. అంటే ఇవి భూగోళానికి దాదాపు సరిగ్గా ఎదురెదురు పక్కల ఉన్న రేఖాంశాలు. కాబట్టి డాలస్‌కు దగ్గరి దారి పడమటికీ కాదు, తూర్పుకూ కాదు. నిటారుగా ఉత్తరానికి. ఆ గీత ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్, నేపాల్ దాటి హిమాలయాలు ఎక్కి, టిబెట్, షిన్‌జియాంగ్, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ సముద్రం చేరుతుంది. ఉత్తర ధ్రువానికి రెండున్నర డిగ్రీల లోపుగా సాగి, కెనడా ఆర్కిటిక్ దీవుల మీదుగా దిగి, విన్నిపెగ్, విచిటా నగరాల చుట్టుపక్కల నుంచి డాలస్ చేరుతుంది. సరిగ్గా ధ్రువబిందువు మీదుగానే వెళ్లినా పెరిగే దూరం పది కిలోమీటర్లు కూడా ఉండదు. గోడకు వేలాడే ప్రపంచ పటం ఈ సంగతి దాచిపెడుతుంది. ఆ పటంలో ధ్రువం ఒక బిందువు కాదు, పై అంచంతా పరుచుకున్న గీత. దాన్ని చూసి పెరిగిన కంటికి డాలస్‌కు అట్లాంటిక్ దాటి వెళ్లడమే సహజంగా తోస్తుంది.

ఇంత చక్కని దారిలో ఏ విమానమూ వెళ్లదు. మొదటి అడ్డు టిబెట్. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ మూడు వేల మీటర్ల ఎత్తుకు గబగబా దిగాలి. ప్రయాణికుల ముందు వేలాడే మాస్కుల్లో ప్రాణవాయువు మామూలుగా పావుగంట చుట్టూ వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర వేల మీటర్లు, అక్కడ దిగడానికి చోటే లేదు. రెండో అడ్డు ధ్రువ ప్రాంతం. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే రెండో దానితో చేరగల విమానాశ్రయం నిర్ణీత సమయం లోపల ఉండి తీరాలి. అక్కడి చలికి ఇంధనం చల్లబడుతుంది. జెట్ ఏ–1 ఇంధనం గడ్డకట్టే హద్దు మైనస్ 47 డిగ్రీల సెల్సియస్, దాని దాకా రాకుండా చూసుకోవాలి. సూర్యుడి నుంచి వచ్చే తుపానుల వల్ల రేడియో సంకేతాలు తెగిపోయే ప్రమాదం కూడా ధ్రువాల దగ్గరే ఎక్కువ. ఇవేవీ దాటరానివి కావు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే పైలట్లుగా ఎయిరిండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువ మార్గంలో బెంగళూరు చేరింది. ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం 13,993 కి.మీ. కిందికి దిగకుండా పదిహేడు గంటలు ఎగిరిన ఆ ప్రయాణం భారత విమానయానంలో నిజంగా గర్వించదగ్గది.

మూడో అడ్డు రాజకీయం. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడింది. 2019 ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా పాకిస్థాన్ తన ఆకాశాన్ని మూసినప్పుడు, చుట్టు తిరుగుళ్ల వల్ల ఎయిరిండియాకు జులై 2 నాటికే 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని కేంద్రం రాజ్యసభకు చెప్పింది. 2025 ఏప్రిల్ నుంచి భారతీయ విమానాలకు ఆ దారి మళ్లీ మూతపడింది. దీని దెబ్బ ఢిల్లీ నుంచి బయల్దేరే విమానాల మీద పడినంతగా శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాటి మీద పడదు, అవి అరేబియా సముద్రం మీదుగా పోతాయి కాబట్టి. గల్ఫ్ దారికీ పూర్తి భరోసా లేదు. 2025 జూన్‌లో ఖతర్ కొన్ని గంటలపాటు గగనతలాన్ని మూసేస్తే దోహా మీదుగా వెళ్లాల్సిన వేలమంది ఎక్కడివారక్కడ ఆగిపోయారు.

కాబట్టి ఆచరణలో డాలస్ ప్రయాణమంటే మధ్యలో ఒక పెద్ద కూడలిలో విమానం మారడమే. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550 కి.మీ., అక్కడి నుంచి డాలస్‌కు 12,930. మొత్తం 15,480. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే 7,120, 8,260 కలిపి 15,380. లండన్ హీత్రో మీదుగా లెక్కించినా 15,380 దగ్గరే తేలుతుంది. దుబాయ్ పడమర అనీ, లండన్ ఉత్తరాన అనీ, ఒకటి చుట్టుదారి, ఒకటి దగ్గరిదారి అనీ వాదించుకునేవారు ఉంటారు. మూడింటి మధ్య తేడా వంద కిలోమీటర్లు, అంటే విమానానికి ఏడు నిమిషాల పని. నేరు దూరం కన్నా ఇవన్నీ వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. అదీ గంట పైచిలుకు పని మాత్రమే. దూరాన్ని చూసి టికెట్టు ఎంచుకోవడంలో అర్థం లేదనడానికి ఈ అంకెలే సాక్ష్యం.

సమయం లెక్క వేరు. పెద్ద జెట్ విమానం చుట్టూ ఉన్న గాలితో పోల్చితే గంటకు 900 కి.మీ. దగ్గర వేగంతో పోతుంది. ఆ గాలే కదులుతుంటే నేల మీద లెక్క మారిపోతుంది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, మధ్య అక్షాంశాల మీద, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. శీతాకాలంలో అది గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. డాలస్ నుంచి దుబాయ్‌కి తిరిగొచ్చే విమానం, అదే దూరం వెళ్లేటప్పటి కన్నా గంటన్నర దాకా ముందుగా చేరడానికి కారణం ఇదే. వెళ్లేటప్పుడు పదహారు గంటల పైచిలుకు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర గంటల చుట్టూ పడుతుంది. భూమి తిరగడం వల్ల ఈ తేడా వస్తుందని చాలామంది అనుకుంటారు. వాతావరణం కూడా భూమితో పాటే తిరుగుతుంది కనుక ఆ తర్కం నిలవదు. అలా అయితే పడమటికి పోయేదే ముందు చేరాలి.

ఎక్కువ దూరం తక్కువ సమయంలో తెమలడమూ ఉంది. దానికి మన దేశం నుంచే గట్టి ఉదాహరణ దొరుకుతుంది. ఎయిరిండియా 2015 డిసెంబరులో ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో నేరు విమానం మొదలుపెట్టింది. మొదట్లో అది పడమటికి, అట్లాంటిక్ మీదుగా, సుమారు 13,900 కి.మీ. దారిలో ఎదురుగాలిని తోసుకుంటూ పోయేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు మళ్లించి పసిఫిక్ మీదుగా నడిపారు. దారి 15,300 కి.మీ. అయింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. వెనకగాలి దొరకడమే కారణం. ఇంధనమూ కలిసొచ్చింది. విమాన మార్గాలు గీసేవారికి కిలోమీటరు అసలు కొలత కాదు. ఎంత గాలిని, ఎంతసేపు, ఎంత ఇంధనంతో దాటాలన్నదే కొలత. అందుకే ఒకే నంబరు విమానం సోమవారం ఒక దారిన, మంగళవారం ఇంకో దారిన పోతుంది.

టికెట్టు మీద అచ్చయ్యే సమయం ఎగిరే సమయం కాదు. తలుపులు మూసి గేటు నుంచి వెనక్కి జరగడం మొదలు, అవతల గేటు దగ్గర ఆగేదాకా పట్టే మొత్తం అది. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, వరుసలో నిలబడడం, దిగాక మళ్లీ గేటు కోసం ఎదురుచూడడం అందులోనే కలుస్తాయి. దూరాన్ని 850తో భాగించి అరగంట కలిపితే వచ్చే ఉజ్జాయింపు చిన్న ప్రయాణాలకు సరిపోతుంది. పదివేల కిలోమీటర్లు దాటితే గాలిని బట్టి ఇటో గంట, అటో గంట తప్పుతుంది.

హైదరాబాద్ నుంచి డాలస్‌కు మధ్యలో ఆగని విమానం సాధ్యం కాదా? సాధ్యమే. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు 14,500 కి.మీ. దగ్గర ఉంటుంది, హైదరాబాద్–డాలస్ దూరానికి ఇంచుమించు సమానం. 2018 మార్చి నుంచి క్వాంటాస్ దాన్ని పదిహేడు గంటల పైచిలుకులో ఒకే ఊపున నడుపుతోంది. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కి.మీ. పైనే ఎగురుతుంది. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, ఎంత బరువైన విమానానికైనా చాలు. అడ్డంకి విమానంలో లేదు, ఆర్థికంలో ఉంది. బోయింగ్ 777–200ఎల్‌ఆర్ నిండా ఇంధనం నింపితే అదే 145 టన్నులు తూగుతుంది. చివరి గంటల్లో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోసుకుపోవడానికి ఇంకొంత ఇంధనం కావాలి. తెలంగాణ ఎండల్లో గాలి పలచబడి రెక్కలకు ఎత్తే బలం తగ్గుతుంది, అప్పుడు సీట్లో సరుకో కొంత వదిలేయక తప్పదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్–షికాగో నేరు విమానాన్ని అదే రకం విమానంతో, వారానికి ఒక్కసారి చొప్పున మొదలుపెట్టింది. తెలుగువారు ఎంతో ఆశతో ఆహ్వానించిన ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు. వారానికి ఒక్క విమానం ఎవరి సెలవులకూ సరిగా అతకదు. దుబాయ్, దోహా సంస్థలు రోజూ రెండు మూడు సమయాలు చూపిస్తుంటే ప్రయాణికుడు అటే మొగ్గుతాడు.

గడియారం లెక్కలో జనం తరచూ తికమకపడతారు. భారత ప్రామాణిక సమయానికీ డాలస్ సమయానికీ చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు తేడా. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు, ఇక్కడ జరపరు. చలికాలంలో శంషాబాద్ నుంచి ఇరవై నాలుగు గంటల ప్రయాణం చేసినవారికి అక్కడ పన్నెండున్నర గంటలే గడిచినట్టు కనబడుతుంది. తెల్లవారుజామున బయల్దేరినవారు అదే తేదీ సాయంత్రానికి దిగుతారు. తిరుగు ప్రయాణంలో ఇరవై రెండు గంటలే ప్రయాణించి వచ్చినా, గడియారంలో ముప్పై మూడు గంటల పైనే కరిగిపోతాయి, తేదీ ఒకటో రెండో దాటుతుంది. ఊళ్లో శుభకార్యం ముహూర్తానికి అందుకోవాలని టికెట్టు తీసేవారు చూడాల్సింది బయల్దేరే తేదీ కాదు, దిగే తేదీ.

ఇక నేల మీది సమయం. ఈ మొత్తం ప్రశ్నలో అందరూ చిన్నచూపు చూసేది, నిజానికి అన్నిటికన్నా బరువైనది ఇదే.

వేమూరు నుంచి శంషాబాద్‌కు విజయవాడ మీదుగా వెళ్లినా, గుంటూరు, మిర్యాలగూడ మీదుగా వెళ్లినా మూడు వందల కిలోమీటర్ల పైనే. రేపల్లె నుంచి హైదరాబాద్ వైపు డెల్టా ఎక్స్‌ప్రెస్ ఉన్నా, రెండు ఇరవై మూడు కిలోల పెట్టెలతో, పైగా మోకాళ్ల నొప్పులతో రైలెక్కే పెద్దవాళ్లు తక్కువ. ముందు రోజు సాయంత్రమే వాకిట్లో కొక్కెం తూకంతో పెట్టెలు ఎత్తి చూస్తారు. ఆవకాయ ప్యాకెట్టు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారుతుంది, సున్నుండల డబ్బా చేతిసంచిలోకి వస్తుంది. చీకటి పడ్డాక కారు కదులుతుంది. దారిలో టీకి ఆగడం, టోల్‌ప్లాజాలు, ఔటర్ రింగ్ రోడ్డు కలిపి ఆరున్నర గంటలు. విమానానికి మూడు గంటల ముందు చేరాలి. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ మూడున్నర, డాలస్‌కు పదహారుంబావు, దిగాక ఇమ్మిగ్రేషన్, లగేజీ, ఇంటికి కారు కలిపి ఇంకో రెండు. మొత్తం ముప్పై అయిదు గంటలు. అందులో విమానంలో గడిచేవి ఇరవై. మిగతా పదిహేనూ నేల మీదే. వేమూరు–శంషాబాద్ ముక్క మొత్తం దూరంలో రెండు శాతం. మొత్తం సమయంలో మాత్రం అయిదో వంతుకు దగ్గర.

అదీ దారి బాగుంటేనే. సంక్రాంతి అయిన మర్నాటి నుంచి పల్లెల నుంచి హైదరాబాద్ తిరిగిపోయే కార్లు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా ముందు బారులు తీరతాయి. ఆ రోజుల్లో విమానం ఉన్నవారు మరో మూడు గంటలు చేతిలో ఉంచుకోవాలి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో కృష్ణకు, బుడమేరుకు వచ్చిన వరదలో హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద రాకపోకలే ఆగిపోయాయి, రైళ్లూ నిలిచాయి.

గన్నవరం నుంచి చిన్న విమానంలో శంషాబాద్ చేరడం ఇంకో దారి. ఎగిరేది గంట. కానీ గన్నవరానికి రెండు గంటల ప్రయాణం, అక్కడ ముందుగా చేరడం, శంషాబాద్‌లో ఎదురుచూపు కలిపితే కారుకన్నా సమయం పెద్దగా మిగలదు, ఒంటికి అలసట తగ్గుతుంది. రెండు టికెట్లు విడివిడిగా తీస్తే మాత్రం చిక్కులు మొదలవుతాయి. దేశీయ విమానంలో మామూలుగా పదిహేను కిలోలే ఉచితం, మిగతాదానికి డబ్బు కట్టాలి. డిసెంబరు, జనవరి పొగమంచులో గన్నవరం విమానం ఆలస్యమై అవతలిది తప్పిపోతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు. ఒకే టికెట్టు మీద రెండూ ఉంటే పెట్టెలు నేరుగా వెళతాయి, తప్పిన విమానానికి బదులు వాళ్లే చూపాలి. కాస్త ధర ఎక్కువైనా ఒకే టికెట్టే మేలు. ముఖ్యంగా ఇంగ్లిషు రాని పెద్దవాళ్లు ఒంటరిగా వెళుతుంటే ఇందులో రెండో ఆలోచన ఉండకూడదు.

అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ జరుగుతుంది. షికాగోలో దిగి డాలస్‌కు మారాలంటే పెట్టెలు అక్కడ తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. దానికి మూడు గంటల వ్యవధి లేని టికెట్టు ప్రమాదమే. అబుదాబిలో మాత్రం 2014 నుంచి అమెరికా అధికారులే అక్కడ తనిఖీ ముగిస్తున్నారు. అటు నుంచి న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగినవారు దేశీయ ప్రయాణికుల్లా నేరుగా బయటికి వస్తారు.

మునుపటితో పోలిస్తే ఇదంతా సులువే. ఎయిరిండియా బోయింగ్ 707తో లండన్ మీదుగా న్యూయార్క్ సర్వీసు మొదలుపెట్టింది 1960 మేలో. 1965లో అమెరికా వలస చట్టం మారాక గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు వెళ్లడం పెరిగింది. తెనాలిలో రైలెక్కి బొంబాయి చేరడమే అప్పట్లో ఒక ప్రయాణం. వీసా కోసం మద్రాసు వెళ్లాల్సి వచ్చేది. హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ వచ్చాకే ఆ బాధ తీరింది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాక డెల్టా జిల్లాలవారికి విదేశాలకు అసలు గుమ్మం అదే అయింది.

సమయం ఇంకా ఎక్కడ తగ్గించవచ్చు? హైదరాబాద్–డాలస్ నేరు విమానం వస్తే ఆరున్నర గంటలు మిగులుతాయి, దానికి కోట్ల డాలర్ల విమానం, రోజూ మూడు వందలమంది ప్రయాణికులు కావాలి. గన్నవరం నుంచే గల్ఫ్ కూడలికి, ఒకే టికెట్టు మీద విమానం వస్తే వేమూరువారికి నాలుగు గంటలు మిగులుతాయి. దీనికి చిన్న విమానం చాలు. గన్నవరం–దుబాయ్ 2,810 కి.మీ. శంషాబాద్ కన్నా ఇరవై నిమిషాలు మాత్రమే ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక స్థావరంగా ఉన్న గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది, రన్‌వే 3,360 మీటర్లకు పెరిగింది. 2018 డిసెంబరులో మొదలైన సింగపూర్ విమానం 2019 జూన్‌లో ఆగిపోయింది. 2022 అక్టోబరు 31న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ షార్జా సర్వీసు మొదలైంది. షార్జా నుంచి దుబాయ్ విమానాశ్రయం దగ్గరే కానీ, అలా మారాలంటే యూఏఈ వీసా, వేరే టికెట్టు కావాలి. అమెరికా వెళ్లేవారికి అది పనికిరాదు. విదేశీ సంస్థ గన్నవరంలో దిగాలంటే రెండు దేశాల మధ్య విమానయాన ఒప్పందంలో ఆ విమానాశ్రయం పేరు ఉండాలి, సీట్ల కోటాలో ఖాళీ ఉండాలి. దుబాయ్‌తో ఉన్న ఒప్పందం ఒక్కో పక్షానికి వారానికి సుమారు 66 వేల సీట్లకు పరిమితం. ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్ వంటి పెద్ద ఊళ్ల విమానాలతోనే ఆ కోటా నిండిపోతోంది.